నూనె చుక్క మీద ఒక్క ఎలక్ట్రాన్: ప్రాజెక్టు డైరీ

పని ఇది. కంటికి ఆనని నూనె చుక్క మీద ఎంత విద్యుదావేశం ఉందో కొలవాలి. ఆ ఆవేశం ఒక కనీస ముక్కకి గుణిజాలుగానే వస్తోందని చూపాలి. ఆ ముక్క విలువ ఎంతో ఇంట్లో చేసుకున్న పరికరంతో తేల్చాలి. పద్ధతి పాతదే: రెండు ప్లేట్ల మధ్య చుక్క తన బరువుకి ఎంత వేగంగా దిగుతుందో, వోల్టేజి పెడితే ఎంత వేగంగా ఎక్కుతుందో చూసి ఆవేశం లెక్కకట్టడం. షికాగో విశ్వవిద్యాలయంలో రాబర్ట్ మిల్లికన్, ఆయన విద్యార్థి హార్వీ ఫ్లెచర్ 1909 నుంచి నడిపిన ప్రయోగం. అసలు విలువ అందరికీ తెలుసు: 1.602176634 × 10⁻¹⁹ కూలుంబులు. 2019 మే 20 నుంచి ఇది కొలిచే సంఖ్య కూడా కాదు, నిర్వచనం. ఎలక్ట్రాన్‌కి ఇంత రుణావేశం, ప్రోటాన్‌కి సరిగ్గా ఇంతే ధనావేశం, న్యూట్రాన్‌కి సున్న. జవాబు ముందే తెలిసిన లెక్కలో కూడా ఎన్ని చోట్ల కాలు జారుతుందో ఈ డైరీలో ఉంది.

1వ రోజు – గది (చుక్కలు దిగే చిన్న డబ్బా)

ప్లేట్లు: 70 మి.మీ. వ్యాసం, 6 మి.మీ. మందం ఉన్న రెండు అల్యూమినియం బిళ్లలు. లేత్ మీద ముఖం చదును చేయించి, చివరగా 1000 నంబరు గరుకు కాగితంతో నీళ్లు పోసి రుద్దాం. గీతలు మిగిలినా పర్వాలేదు కానీ లేచి ఉన్న ముళ్లు ఉండకూడదు. ముల్లు ఉన్నచోట విద్యుత్ క్షేత్రం గుమిగూడుతుంది. పై ప్లేటు నడిమధ్య 1 మి.మీ. బెజ్జం. చుక్కలు దిగే దారి అదే.

రెండు ప్లేట్ల మధ్య ఎడం 6.00 మి.మీ. దీనికి యాక్రిలిక్ రింగు. మొదట కొట్లో ‘6 మి.మీ. షీటు’ అని ఇచ్చినదాన్ని నేరుగా కోశాం. వెర్నియర్ పెడితే ఒక పక్క 5.74, ఇంకో పక్క 5.81. షీటు మీద రాసిన మందం నమ్మదగిన కొలత కాదు. ఎడంలో 4 శాతం తప్పుంటే ఆవేశంలోనూ అచ్చంగా 4 శాతం తప్పే. దాన్ని పక్కన పడేసి, 8 మి.మీ. షీటు తెచ్చి లేత్ మీద 6 మి.మీ.కి దించాం. మూడు చోట్ల కొలిస్తే 6.02, 6.00, 5.98.

రింగు గోడకి రెండు కిటికీలు: ఒకటి కెమెరాకి, ఒకటి వెలుగుకి. వెలుగు కిటికీ కెమెరాకి సరిగ్గా ఎదురుగా ఉంటే బొమ్మంతా తెల్లబడిపోతుంది. పక్కన 90 డిగ్రీల దగ్గర పెడితే చుక్కలు మసకగా కనిపిస్తాయి. ఎదురు దిక్కు నుంచి 30 డిగ్రీలు పక్కకి జరిపితే నల్లటి నేపథ్యం మీద చుక్కలు నక్షత్రాల్లా మెరుస్తాయి. ఇంత చిన్న చుక్కలు వెలుగుని ఎక్కువగా ముందువైపుకే చెదరగొడతాయి, అందుకే ఈ కోణం. కిటికీలకి మైక్రోస్కోపు కవర్ స్లిప్పులు అంటించాం.

రింగుని స్పిరిట్‌తో తుడవద్దు. యాక్రిలిక్ మీద సాలెగూడు లాంటి పగుళ్లు వస్తాయి. పొడి గుడ్డతో తుడిస్తే ఇంకో తంటా: రాపిడికి రింగే ఆవేశం పట్టుకుని చుక్కల్ని పక్కకి లాగుతుంది. తడి దూది చాలు.

మొత్తాన్ని మూడు మరల మీద నిలబెట్టి, పై ప్లేటు మీద రసమట్టం పెట్టి రెండు దిక్కులా సరిచేశాం. ప్లేట్లు వాలి ఉంటే పైకి వెళ్లే చుక్క పక్కకి కొట్టుకుపోయి ఫోకస్ నుంచి తప్పుకుంటుంది.

3వ రోజు – కరెంటు

12 వోల్టుల నుంచి 300–1200 వోల్టుల డీసీ ఇచ్చే చిన్న బూస్ట్ మాడ్యూలు. దాని ధన కొన నుంచి 10 మెగాఓంల రెసిస్టరు, అక్కణ్నుంచి పై ప్లేటు. కింది ప్లేటు రుణ కొనకి. చెయ్యి తగిలినా 500 వోల్టుల దగ్గర 50 మైక్రోయాంపియర్లు మించి పారకుండా ఆ రెసిస్టరు కాపలా. అయితే ఆవేశాన్ని నిల్వచేసే మాడ్యూలు సొంత కెపాసిటరు రెసిస్టరుకి ఇవతలే ఉంటుంది కాబట్టి ఆ వైపు ముట్టుకోకూడదు. దాన్ని ప్లాస్టిక్ డబ్బాలో మూసేశాం.

స్విచ్ విషయంలో చాలామంది చేసే పొరపాటు: క్షేత్రం ‘తీసేయడానికి’ తీగని ఊరికే విడదీయడం. ప్లేట్లు కెపాసిటరు లాంటివే, పట్టుకున్న ఆవేశం అలాగే నిలుస్తుంది. చుక్క దిగుతుందిలే అనుకుంటే గాల్లోనే వేలాడుతుంది. మూడు కాళ్ల టూ-వే స్విచ్ పెట్టి, నడిమి కాలు పై ప్లేటుకి, ఒక వైపు సప్లైకి, రెండో వైపు కింది ప్లేటుకి కలిపాం. రెండో వైపు నొక్కితే రెండు ప్లేట్లూ షార్ట్ అయి క్షేత్రం నిజంగా సున్న అవుతుంది.

మల్టీమీటరుని ప్లేట్ల మీదే పెట్టి 250 వోల్టులు చూపేదాకా మాడ్యూలు మర తిప్పాం. ప్రోబ్ తీగల బరువుకి గది కదిలి రసమట్టం చెదురుతోంది కాబట్టి ఆ తర్వాత ప్రోబులు తీసేశాం. ఈ రెండు వాక్యాలు గుర్తుంచుకోండి.

4వ రోజు – కన్ను, కొలబద్ద

యూఎస్‌బీ మైక్రోస్కోపు కొనేటప్పుడు ‘1000 రెట్లు’ లాంటి రాతలు చూడక్కర్లేదు. చూడాల్సింది, వస్తువుకి 35 మి.మీ. దూరంలో ఉండి కూడా ఫోకస్ అవుతుందా అని. చుక్క ఉండేది ప్లేటు నడిమధ్యలో, అంచు నుంచి అంత లోపల. ఎక్కువ రెట్లు చూపేవి వస్తువుకి ముక్కు ఆనిస్తే తప్ప చూడలేవు.

స్కేలు కోసం ఒక తేలిక ఉపాయం. బెజ్జం వేసిన 1 మి.మీ. డ్రిల్ బిట్‌నే తలకిందులుగా పై ప్లేటు బెజ్జంలోంచి దింపితే, దాని నున్నటి కాడ సరిగ్గా చుక్కలు దిగే తలంలోనే నిలబడుతుంది. ఫోకస్ చేయడానికి అదే, కొలవడానికీ అదే. కాడ మందం స్క్రూగేజితో 0.99 మి.మీ.; బొమ్మలో 246 పిక్సెళ్లు. అంటే పిక్సెల్‌కి 4.02 మైక్రోమీటర్లు, మిల్లీమీటరుకి 249 పిక్సెళ్లు. బిట్ బయటికి తీశాకే వోల్టేజి పెట్టాలి. అది రెండు ప్లేట్లనీ కలిపేస్తుంది.

వెలుగుకి ఒక వాట్ తెల్ల ఎల్‌ఈడీ. దాన్ని గదికి 15 సెం.మీ. దూరంలో పెట్టి, మధ్యలో నీళ్లు నింపిన చదునైన గాజు సీసా ఉంచాం. వేడి గదిలోకి వెళ్తే లోపలి గాలి తిరగడం మొదలవుతుంది, ఆ గాలితోపాటు చుక్కలూ తిరుగుతాయి.

5వ రోజు – నూనె

నీటి చుక్క పనికిరాదు, కొలుస్తుండగానే ఆవిరైపోతుంది. కొబ్బరినూనె ఆవిరి కాదు కానీ మన చలికాలంలో సీసాలోనే గడ్డకడుతుంది, తుంపరగా చేయడం కష్టం. మందుల షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ బాగా పనిచేసింది. తెల్లగా పాలలా ఉండేది కాదు, అది నీళ్లు కలిపిన మందు. నీళ్లలా పారదర్శకంగా ఉండేదే కావాలి.

సాంద్రత సీసా మీద చూసి రాసుకోకుండా కొలిచాం. 10 మి.లీ. సిరంజిలో మొదట డిస్టిల్డ్ వాటర్ తూచి సిరంజి గీతలు నిజమేనని చూసుకున్నాం (30 డిగ్రీల దగ్గర 9.96 గ్రాములు రావాలి). తర్వాత అదే గీతదాకా నూనె: 8.62 గ్రాములు. ఘనపు మీటరుకి 862 కిలోలు. గాలి తేల్చే బలానికి ఒకటి తీసేస్తే లెక్కలోకి 861.

తుంపరకి రబ్బరు బుడ్డి ఉన్న సెంటు స్ప్రే. ముక్కులోంచి బయటపడేటప్పుడు రాపిడికే చుక్కలు ఆవేశం పట్టుకుంటాయి, కొన్ని ధనం, కొన్ని రుణం. వేరే ఏర్పాటు అక్కర్లేదు.

6, 7 రోజులు – చుక్కల వేట

మొదటి గంటన్నర ఏమీ కనబడలేదు. బెజ్జం నూనె పొరతో మూసుకుపోయింది. స్ప్రే మూతి నేరుగా బెజ్జానికి గురిపెట్టి నొక్కడం వల్ల వచ్చిన చిక్కు అది. ప్లేటు మీద 10 సెం.మీ. ఎత్తు ప్లాస్టిక్ గొట్టం నిలబెట్టి, దాని పై మూతిలో అడ్డంగా ఒక్కసారి నొక్కి వదిలేస్తే పెద్ద చుక్కలు గోడకి అంటుకుంటాయి, సన్నవి మెల్లగా దిగుతాయి. ఒక్క నొక్కే. మూడు నొక్కితే లోపలంతా మంచు. చుక్కలు కనబడగానే బెజ్జం మీద కవర్ స్లిప్ మూత.

ఫ్యాన్ ఆపాల్సిందే. వేసవిలో ఇది చిన్న మాట కాదు. తెల్లవారుజామున చేయడమే నయం, ఇంట్లో ఉష్ణోగ్రత కూడా అప్పుడు నిలకడగా ఉంటుంది. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ తప్పు రాసుకుంటే గాలి స్నిగ్ధత (చుక్క కదలికని గాలి అడ్డుకునే గుణం) పావు శాతం, చివరి జవాబు దాదాపు 0.4 శాతం మారతాయి.

ఏ చుక్కని పట్టుకోవాలి? క్షేత్రం లేనప్పుడు 1 మి.మీ. దిగడానికి 15 నుంచి 40 సెకన్లు పట్టేది. అంతకన్నా వేగంగా దిగేది పెద్ద చుక్క, దాని మీద పది పన్నెండు ఎలక్ట్రాన్లుంటాయి. పన్నెండుకీ పదమూడుకీ తేడా 8 శాతమే, మన కొలత తప్పు 3–5 శాతం. అక్కడ గుణిజాలు విడివిడిగా కనిపించవు. మరీ నెమ్మదిగా దిగేదాన్ని గాలి అణువులు అటూ ఇటూ తంతుంటాయి. ఈ బ్రౌనియన్ చలనం మన చుక్కల్లోనూ కళ్లకి కనబడుతుంది. 0.6 మైక్రోమీటరు వ్యాసార్థం ఉన్న చుక్క 1 మి.మీ. దిగేసరికి దాదాపు 3 శాతం అటూ ఇటూ అవుతుంది. ఒకే చుక్కని దింపి, ఎక్కించి, మళ్లీ దింపి ఏడుసార్లు సగటు తీస్తేనే నమ్మకం. వీడియో తీసి ట్రాకర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేములు లెక్కపెట్టాం. స్టాప్‌వాచ్ కంటే అది చాలా నయం.

ఏ చుక్కల్ని వదిలేయాలో లెక్క వేయకముందే రాసిపెట్టుకున్నాం: పక్కకి 0.2 మి.మీ. కన్నా జరిగినవి, ఏడుసార్లు దిగిన సమయాల్లో మొదటిదానికీ చివరిదానికీ 8 శాతం తేడా ఉన్నవి, 4 సెకన్లలోపే ఎక్కేవి. లెక్క చూశాక వదిలేయడం మొదలుపెడితే మనకి కావాల్సిన జవాబే మిగులుతుంది. మిల్లికన్ 1913లో 58 చుక్కల ఫలితాలు ప్రచురిస్తూ కొలిచినవన్నీ ఇవేనన్నాడు. ఆయన నోటు పుస్తకాల్లో మాత్రం అంతకంటే ఎక్కువే ఉన్నాయి. ఆ పేచీ ఇప్పటికీ తెగలేదు.

8వ రోజు – మూడు మెట్ల చుక్క

ఇలాంటి చుక్క దొరకడం అదృష్టం. అరగంట పైగా ఫోకస్‌లోనే ఉంది, ఆవేశం రెండుసార్లు మారింది. మార్చింది వంటింటి గ్యాస్ లైటర్. క్షేత్రం ఆపి, గొట్టం మూతి దగ్గర రెండుసార్లు టిక్కుమనిపిస్తే స్పార్కుకి గాల్లో ధనం, రుణం రెండు రకాల అయాన్లూ (ఆవేశం పట్టిన అణువులు) పుడతాయి. వాటిలో ఒకటి వచ్చి చుక్కకి అంటుకుంటే పని అయినట్టే. ఎక్కువసార్లు ఏమీ జరగదు, ఒక్కోసారి స్పార్కుకి కెమెరా యూఎస్‌బీ కనెక్షనే తెగిపోతుంది. లైటర్‌ని కేబుల్‌కి దూరంగా పట్టుకోవాలి.

1 మి.మీ. దిగే సమయం, ఏడింటి సగటు: 23.8 సెకన్లు. ఎక్కే సమయాలు: మొదట 9.6, లైటర్ తర్వాత 5.6, మళ్లీ లైటర్ తర్వాత 32.4 సెకన్లు.

లెక్క ఇలా. ముందు వ్యాసార్థం. ‘క’ అంటే 9 × గాలి స్నిగ్ధత × దిగే వేగం, దాన్ని (2 × గురుత్వ త్వరణం × సాంద్రతల తేడా)తో భాగించగా వచ్చేది. ‘గ’ అంటే 8.2 × 10⁻³ ని పీడనానికి రెట్టింపుతో భాగించగా వచ్చేది. వ్యాసార్థం = (క + గ వర్గం)కి వర్గమూలం, అందులోంచి ‘గ’ తీసేయగా మిగిలింది. ఈ ‘గ’ ఎందుకంటే, ఇంత చిన్న చుక్కకి గాలి నిరంతర ద్రవంలా ఉండదు, అణువుల మధ్య సందుల్లోంచి చుక్క కాస్త జారిపోతుంది. ద్రవంలో కదిలే గోళానికి ఎదురయ్యే నిరోధం చెప్పే స్టోక్స్ సూత్రాన్ని ఉన్నదున్నట్టు వాడితే ఆవేశం ఇరవై శాతం పైగా ఎక్కువొస్తుంది.

30 డిగ్రీల దగ్గర స్నిగ్ధత 1.86 × 10⁻⁵ పాస్కల్ సెకన్లు, గురుత్వం 9.783. పీడనం దగ్గర ఒక ఉచ్చు ఉంది. వాతావరణం యాప్‌లో హైదరాబాద్‌కి చూపే 1010 హెక్టోపాస్కల్ సముద్రమట్టానికి సర్దిన అంకె. ఊరు 500 మీటర్ల పైన ఉంది కాబట్టి నిజంగా గదిలో ఉండేది 950 చుట్టుపక్కల. ఫోన్ బారోమీటరు అదే చూపింది. యాప్ అంకె వాడితే జవాబు ఒక శాతం పైనే తప్పుతుంది. విశాఖలోనో మచిలీపట్నంలోనో చేసేవాళ్లకి ఈ గొడవ లేదు.

వ్యాసార్థం 0.604 మైక్రోమీటరు, బరువు 7.79 × 10⁻¹⁵ న్యూటన్లు. ఇక ఆవేశం = బరువు × (ప్లేట్ల ఎడం ÷ వోల్టేజి) × (1 + దిగే సమయం ÷ ఎక్కే సమయం). ఎడం 6 మి.మీ., వోల్టేజి 250 పెడితే:

9.6 సెకన్లకి 6.51, 5.6 సెకన్లకి 9.82, 32.4 సెకన్లకి 3.24. అన్నీ × 10⁻¹⁹ కూలుంబులు.

నిష్పత్తి చూడండి: 1 : 2.01 : 3.03. మెట్లు ఇంత స్పష్టంగా కనబడటం ముచ్చటేస్తుంది. కానీ మెట్టు ఎత్తు 3.25. కావాల్సినదానికి రెట్టింపు.

10వ రోజు – అన్నీ సరి సంఖ్యలేనా?

ఇంకో నాలుగు చుక్కలు. మొత్తం 11 ఆవేశాలు. అన్నీ 3.25కి గుణిజాలే. రెండేసి ఎలక్ట్రాన్లే వచ్చి అంటుకుంటున్నాయనుకోవడం తేలిక. కానీ పదకొండుసార్లూ కాకతాళీయంగా సరి సంఖ్యే పడే అవకాశం 2048లో ఒకటి. చుక్కలు జంటలనే ఎంచుకోవడానికి కారణమూ లేదు.

ఇక్కడ తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఆవేశం ముక్కలుగా ఉందన్నది నిష్పత్తులే చెప్పేస్తాయి. వోల్టేజి తప్పైనా, స్కేలు తప్పైనా, స్నిగ్ధత తప్పైనా ఒకే చుక్కలో 1 : 2 : 3 చెక్కుచెదరదు. ముక్క సైజు ఎంతో మాత్రం నిష్పత్తి చెప్పదు. అందుకు చుక్కలతో సంబంధం లేని వేరే సాక్షి కావాలి.

11వ రోజు – రాగి సాక్ష్యం

విద్యుద్విశ్లేషణ: ద్రావణంలోంచి కరెంటు పంపి లోహాన్ని రేకు మీద పేర్చడం. ఎరువుల కొట్లో దొరికే మైలతుత్తం (కాపర్ సల్ఫేట్) 50 గ్రాములు 400 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో, కొద్దిగా సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం. రెండు రాగి రేకులు, ఒక్కోటి మునిగే వైశాల్యం 20 చదరపు సెం.మీ. కరెంటు నిలకడకి ఎల్‌ఎం317 ఐసీ, 6.2 ఓంల రెసిస్టరు. మీటరులో 201 మిల్లీయాంపియర్లు, గంటసేపు. 723.6 కూలుంబులు. ఇంతకంటే కరెంటు పెంచితే రాగి గట్టి పూతలా కాకుండా పొడిపొడిగా పట్టి, కడిగేటప్పుడు రాలిపోతుంది. కాథోడుని (రుణ కొనకి కలిపిన రేకుని) డిస్టిల్డ్ వాటర్‌తో, తర్వాత స్పిరిట్‌తో కడిగి ఫ్యాన్ కింద ఆరబెట్టాలి. పొయ్యి మీద ఆరబెడితే నల్లబడుతుంది, ఆ ఆక్సిజన్ బరువు కూడా తూగుతుంది.

బరువు పెరిగింది 0.236 గ్రాములు. ఒక రాగి పరమాణువు ద్రవ్యరాశి 1.055 × 10⁻²⁵ కిలోలు. (రాగి స్ఫటికంలో 0.3615 నానోమీటరు పక్కలున్న ఘనంలో నాలుగు పరమాణువులుంటాయని ఎక్స్-కిరణాలతో తెలుసు. సాంద్రతతో గుణించినా దాదాపు ఇదే వస్తుంది.) కూడబెట్టింది 2.237 × 10²¹ పరమాణువులు. ఒక్కోదానికి 3.23 × 10⁻¹⁹ కూలుంబులు.

చుక్కలు 3.25, రాగి 3.23. చక్కగా కలిసిపోయాయి! రెండు వేర్వేరు దారులు ఒకే అంకెకి చేరాయి కాబట్టి అదే కనీస ముక్క అని ఇక్కడే ఆగిపోవచ్చు. రాగి అయాను రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్నదని పుస్తకంలో చదవకపోతే ఆగిపోయేవాళ్లమే.

12వ రోజు – వెండి

వెండి అయాను ఒక్కటే పోగొట్టుకుంటుంది. ఒకప్పుడు యాంపియర్‌ని నిర్వచించింది వెండితోనే, 1908లో: సెకనుకి 1.118 మిల్లీగ్రాముల వెండి పేర్చే కరెంటు ఒక యాంపియర్.

సిల్వర్ నైట్రేట్ 0.85 గ్రాములు 50 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో. కుళాయి నీళ్లు పోస్తే అందులోని క్లోరైడుకి వెంటనే పాలలా విరిగిపోతుంది. చేతికి తగిలితే మర్నాటికి నల్ల మచ్చ, వారం దాకా పోదు. కంటి అద్దాలు, గ్లవ్స్ తప్పనిసరి. మొదటిసారి కాథోడుగా రాగి రేకు ముంచాం. స్విచ్ వేయకముందే దాని మీద బూడిద రంగు బూజు పట్టింది. రాగి కరిగిపోతూ వెండిని బయటికి నెట్టేస్తోంది, కరెంటుతో పనే లేదు. రెండు రేకులూ వెండివే ఉండాలి. కంసాలి దగ్గర 999 టంచు వెండి రేకు రెండు ముక్కలు, ఒక్కోటి 1.5 × 4 సెం.మీ.

రెసిస్టరు 62 ఓంలకి మార్చాం: 20.1 మిల్లీయాంపియర్లు, రెండు గంటలు, 144.7 కూలుంబులు. వెండి గింజలు గింజలుగా పేరుకుంటుంది, గట్టిగా అంటుకోదు. రేకుని కదపకుండా చిన్న గాజు గిన్నెలోకి తీసి, గిన్నెతో సహా కడిగి, ఆరబెట్టి, గిన్నెతో సహా తూచాం. మిల్లీగ్రాము చూపే బంగారం కాంటా మీద పెరుగుదల 161 మిల్లీగ్రాములు. వెండి పరమాణువు 1.791 × 10⁻²⁵ కిలోలు. ఒక్కోదానికి 1.61 × 10⁻¹⁹.

కాబట్టి 3.25 కనీస ముక్క కాదు. చుక్కల కొలతలో సరిగ్గా రెట్టింపు తప్పుంది. మిగిలిన ద్రావణం తూములో పోయకుండా ఉప్పు వేసి విరగ్గొట్టి, తెల్ల మడ్డిని సీసాలో దాచాం.

13వ రోజు – దొరికింది

ఏదైనా సరిగ్గా రెండు రెట్లు తప్పిందంటే సూక్ష్మమైన కారణాలు వెతకక్కర్లేదు. స్నిగ్ధత అలా తప్పదు. స్కేలు అంత తప్పితే కళ్లకే తెలుస్తుంది. మిగిలింది వోల్టేజి.

మూడో రోజు రాసిన రెండు వాక్యాలు. సాధారణ డిజిటల్ మల్టీమీటరు లోపలి నిరోధం 10 మెగాఓంలు. దానికి ముందు మనం పెట్టిన రెసిస్టరూ 10 మెగాఓంలే. రెండూ వరుసలో ఉంటే వోల్టేజి చెరిసగం. మీటరు అబద్ధం చెప్పలేదు. అది తగిలి ఉన్నంతసేపూ ప్లేట్ల మీద నిజంగానే 250. ప్రోబ్ తీయగానే ప్లేట్లు కరెంటు తీసుకోవు కాబట్టి రెసిస్టరులో పడేది ఏమీ ఉండదు, ప్లేట్లు 500కి లేస్తాయి. కొలిచింది 250 దగ్గర, చుక్కని ఎక్కించింది 500 దగ్గర. మాడ్యూలు కనీసం 300 ఇస్తుందని అమ్మినవాళ్లే రాశారు, 250 చూపినప్పుడే అనుమానించాల్సింది.

చుక్కనే అడిగి చూశాం. ఒకే ఎలక్ట్రాన్ తేడా ఉన్న చుక్క ఒకటి నింపాదిగా పైకి పోతోంది. ప్రోబ్‌ని ప్లేటుకి తాకించగానే ఆగి, కిందికి జారడం మొదలెట్టింది. తీయగానే మళ్లీ పైకి. తాకించడం, దిగడం, తీయడం, ఎక్కడం. నాలుగుసార్లు.

పరిష్కారం: మీటరుని రెసిస్టరుకి ఇవతల, సప్లై వైపు శాశ్వతంగా తగిలించి ఉంచడం. ప్లేట్లు కరెంటు లాగవు కాబట్టి అక్కడ చూపిందే ప్లేట్ల మీద ఉంటుంది. ఇప్పుడు చూపింది 500.

15వ రోజు – మళ్లీ లెక్క

మూడు మెట్ల చుక్క: 1.62, 3.25, 4.91. ఇంకో ఆరు చుక్కలు కలిపి మొత్తం 11 చుక్కలు, 26 ఆవేశాలు. ఎన్ని ముక్కలో భాగించి సగటు తీస్తే 1.63 × 10⁻¹⁹, చెదురు (సగటుకి అటూ ఇటూ) 0.03. ఈ ముక్కలో మూడో వంతుకి, మూడింట రెండు వంతులకి దగ్గరగా ఏదీ రాలేదు. ప్రోటాన్‌లో +2/3 ఆవేశం ఉన్న క్వార్కులనే కణాలు రెండు, −1/3 ఉన్నది ఒకటి ఉన్నా, అవి విడిగా బయటికి రావు. 1977లో స్టాన్‌ఫర్డ్‌లో నయోబియం గోళాల మీద మూడో వంతు ఆవేశం కనబడిందన్నారు, తర్వాత ఎవరికీ దొరకలేదు. అమెరికాలోని స్లాక్ ప్రయోగశాలలో యంత్రంతో కోట్ల నూనె చుక్కలు కొలిచినా అంతే.

పక్క లెక్క: ఈ చుక్క పారాఫిన్, అంటే కర్బనం, హైడ్రోజన్. అందులో ఎలక్ట్రాన్లు సుమారు 27 వేల కోట్లు, ప్రోటాన్లూ అన్నే. చుక్క ఎక్కడం దిగడం తేల్చింది వాటిలో ఒక్కటే ఎక్కువో తక్కువో కావడం. మిగిలినవి ఒకదాన్నొకటి రద్దు చేసుకున్నాయి కాబట్టే ఇది సాధ్యం. ప్రోటాన్, ఎలక్ట్రాన్ ఆవేశాల పరిమాణాల్లో తేడా ఉన్నా, అది 10²¹లో ఒక వంతుకి మించదని కొలిచారు.

17వ రోజు – మిగిలిన 1.7 శాతం

1.63కీ 1.602కీ మధ్య తేడా. మిల్లికన్ విలువ 1.592, అంటే 0.6 శాతం తక్కువ. గాలి స్నిగ్ధతకి ఆయన వాడిన అంకె కాస్త తక్కువ కావడం దానికి కారణం. మనది ఎక్కువ వస్తోంది. గది లోపల బయటికన్నా వెచ్చగా ఉంటే స్నిగ్ధత ఇంకా పెరిగి తేడా ఇంకా పెద్దదవుతుంది, కాబట్టి అది కాదు. ఎడం మళ్లీ కొలిస్తే 6.01, అదీ కాదు.

స్క్రూగేజి మూసి చూస్తే సున్న దగ్గర లేదు, 0.01 దగ్గర ఉంది. ఇంటర్ మొదటి ప్రాక్టికల్‌లో నేర్పే శూన్య దోషం. డ్రిల్ కాడ 0.99 కాదు, 0.98. పొడవులో ఒక శాతం తప్పు ఆవేశంలో ఒకటిన్నర శాతం అవుతుంది, ఎందుకంటే దిగే వేగం లెక్కలోకి ఒకటిన్నర ఘాతంగా వస్తుంది. సరిచేస్తే 1.605. చెదురు 0.03 అలాగే ఉంది కాబట్టి మూడో అంకె కలవడం మన గొప్ప కాదు.

తర్వాతి విడతకి: గది గోడలో చిన్న థర్మిస్టర్, డ్రిల్ కాడ బదులు 0.01 మి.మీ. గీతలున్న స్టేజ్ మైక్రోమీటరు. మల్టీమీటరుని కొత్త 9 వోల్టుల బ్యాటరీలు పది వరుసగా పెట్టి ఇంకో మీటరుతో పోల్చి చూడటం. స్ప్రే ముక్కు మార్చాలి, పాతది కారుతోంది.